అమ్మదలచిన యింటికి ముందుగా పరీక్ష

ఎద్దును సంతకు తోలుకొనిపోవు రైతు దాని పండ్లను, గిట్టలను, మెడమీది కాడిపుండును ముందుగా తానే చూచుకొనును. కొనువాడు నోరు తెరిపించి పండ్లు లెక్కపెట్టునని యతడెరుగును. ధాన్యము నమ్మబోవువాడు గింజను పంటకింద కొరికి తేమ చూచిన పిదపనే బండి కట్టును. కాని జన్మలో నొక్కమారు మాత్రమే అమ్మునట్టి యింటి విషయమున నీపాటి జాగ్రత్తయైనను మనలో ననేకులు వహింపరు. గోడలకు వెల్ల వేయించి, గడపకు పసుపు రాచి, బేరమునకు కూర్చుందురు. ఇంటిలోని లోపము లేవో కొనువాడు తెచ్చిన మేస్త్రి నోట మొదటిసారి విందురు. అట్లు వినుటవలన కలుగు నష్టమెంతటిదో యీ వ్యాసమున మనవి చేయదలచితిమి.

కొన్ని యేండ్ల క్రిందట మా సంఘ సభ్యులలో నొకరు అప్పు తీర్చుటకై తమ పెంకుటిల్లు నమ్మవలసి వచ్చెను. మూడు గదుల యిల్లు, ముందు అరుగు, వెనుక బావి. బేరము కుదిరెను. బయానా సొమ్ము చేతబడిన సాయంకాలమే ఆయన దానిని అప్పులవానికి చెల్లించిరి. పదిదినముల తరువాత కొనువారు ఒక వడ్రంగిని వెంటబెట్టుకొని వచ్చిరి. వడ్రంగి వెనుకగది దూలమును సుత్తితో తట్టగా డొల్ల ధ్వని వినబడెను. ఉలితో పొడువగా ఉలి వ్రేలెడు లోతు దిగెను. పైకి రంగు మెరయుచున్నది, లోపలనంతయు చెద. వెంటనే కొనువారు ధర తగ్గింపుమనిరి. ఆ దూలమును మార్పించుటకు ఎంత యగునో అంతకు మూడురెట్లు తగ్గింపుమనిరి. లేదా బయానా తిరిగి యిమ్మనిరి. బయానా మన సభ్యునియొద్ద లేదు. తలయొగ్గి సంతకము చేసిరి.

ఆ పంచాయతిలో మేమును కూర్చుంటిమి. కొనువారిని నిందించుటకు మాకు నోరు రాలేదు. ఏలయన, అమ్మకమునకు ముందు ఆ యింటికి వెల్ల వేయించి కొయ్యకు రంగు పూయింపుడని సలహా నిచ్చినవారిలో మేమును నుంటిమి. దూలమును తట్టి చూడుడని చెప్పినవా రొక్కరును లేరు. చెద యున్నదని ముందే తెలిసియుండినచో ఆయన దూలమును మార్పించియైన నుండును. లేక ఆ ఖర్చు తగ్గించి ధర చెప్పియైన నుండును. ఏది చేసినను మూడింట రెండుపాళ్ల నష్టము తప్పియుండును. అంతకంటె ముఖ్యము, పదిమందిలో ‘దాచిపెట్టినాడు’ అను మాట పడకుండును. ఆయన దాచలేదు. ఆయనకే తెలియదు. కాని మెరయుచున్న క్రొత్త రంగును చూచిన తరువాత ఆ మాట నెవ్వరును నమ్మలేదు.

చట్టమేమి చెప్పుచున్నది?

1882వ సంవత్సరపు ఆస్తి బదలాయింపు చట్టము 55వ సెక్షను ప్రకారము, ఆస్తియందుగాని, దానిపై తనకు గల హక్కునందుగాని ఉన్న ముఖ్యమైన లోపమును అమ్మువాడు కొనువానికి తెలుపవలయును. ఆ లోపము అమ్మువానికి తెలిసినదై, కొనువానికి తెలియనిదై, సాధారణమైన జాగ్రత్తతో చూచినను కనబడనిదై యుండవలెను. అట్టిదానిని తెలుపకుండుట మోసమని యా సెక్షనే చెప్పుచున్నది. వేరు కట్టడి యేదియు ఒడంబడికలో లేనప్పుడు ఈ నియమము వర్తించును. కావున చెద తిన్న దూలముపై రంగు పూసి ఊరకుండుట లౌక్యము కాదు, వ్యాజ్యమునకు విత్తనము.

ఇతర దేశములలో నీ పరీక్ష ఒక వృత్తిగానే పెరిగినది. అమెరికా సంయుక్త రాష్ట్రములలో గృహపరీక్షకుల సంఘము 1976లో నేర్పడెను. సరిగా దిమ్మిస చేయని పూడిక మట్టిమీద కట్టిన యొక యిల్లు, అమ్మకమైన పిదప నేల జారి దెబ్బతినగా, 1984లో కాలిఫోర్నియా అప్పీలు న్యాయస్థానము ఒక తీర్పు చెప్పెను. ఇల్లు అమ్మించు దలాలి సైతము ఇంటిని శ్రద్ధగా చూచి, కనబడిన ముఖ్యలోపములను కొనువారికి తెలుపవలయునని దాని సారాంశము. అచ్చట కొనువారే గాక అమ్మువారును ముందుగా పరీక్ష చేయించుకొనుట కలదు. మన పల్లెలలో అట్టి వృత్తివారు దొరకకపోవచ్చును. కాని తాపీమేస్త్రి, వడ్రంగి, విద్యుత్పనివాడు, పత్రములు తెలిసిన పెద్దమనిషి ప్రతి ఊరిలోను ఉన్నారు. వారిని నలుగురిని ఒకదినము పిలిచినచో పని నెరవేరును.

అయితే ఒక్క కట్టుబాటు అవశ్యము. పరీక్షించువాడు ఆ మరమ్మతు పనిని తాను పుచ్చుకొనరాదు. పుచ్చుకొనునెడల లేని లోపమును చూపవలెనను ఆశ పుట్టును. దలాలిని పరీక్షకు పిలువరాదు. అతనికి ఉన్న లోపమును కప్పవలెనను ఆశ యుండును. దినకూలి నిచ్చి, చూచినది చూచినట్లు చెప్పుమని కోరవలయును.

ఎప్పుడు చూడవలెను?

ఇంటిని వానలో చూడవలెను. వేసవిలో ప్రతి కప్పును మంచి కప్పే. శ్రావణ భాద్రపదములలో పట్టిన వాన విడువక కురియుచున్నప్పుడు దీపము పట్టుకొని గదిగదియు తిరిగి, తడిసిన చోటునెల్ల బొగ్గుతో గుర్తు పెట్టుకొనుడు. వచ్చు వేసవిలో నమ్మదలచినవారు ఈ వానకాలముననే పరీక్ష మొదలుపెట్టవలయును. అక్కర మీదబడిన దినమున మొదలుపెట్టిన పరీక్ష సగము పరీక్షయే.

పైకప్పు

పెంకుటింట జారిన పెంకులను, పగిలిన పెంకులను మాత్రమే చూచి దిగిరాకుడు. పెంకుల క్రింది వాసములు తడిసి నల్లబడిన చోట కొయ్య మెత్తబడినదేమో చూడవలెను. కప్పు వెన్ను నడుమ క్రుంగినట్లున్నచో లోపల దూలమునకో వాసములకో బలము తగ్గినదని యర్థము.

సిమెంటు డాబాలకు నీరు నిలిపి చూచు పరీక్ష కలదు. తూములు మూసి, రెండంగుళముల నీరు ఒక పగలు ఒక రాత్రి నిలిపి, క్రింద చెమ్మ దిగినదేమో చూతురు. కాని రెండంగుళముల నీరు చదరపు మీటరునకు దాదాపు 50 కిలోల బరువని మరువరాదు. పెచ్చులూడిన డాబామీదను, రాయలసీమలోను తెలంగాణములోను గల పాత మట్టిమిద్దెల మీదను ఈ పరీక్ష ఎన్నడును చేయరాదు. మట్టిమిద్దెకు చౌడు మట్టి పరచిన పొర ఎంత మందమున్నది, వాననీటి గాడి ఎక్కడ కోసినది అనునవి చూచిన చాలును.

ఇనుము వేసిన కాంక్రీటు

డాబా అడుగున తుప్పురంగు చారలు, కడ్డీల వెంబడి సాగిన తిన్నని పగుళ్లు, చిన్న సుత్తితో తట్టగా వచ్చు డొల్ల ధ్వని, ఈ మూడును కీడు సూచనలు. నీరును గాలియు కడ్డీని చేరగా తుప్పు పట్టును. ఆ తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటాక్రమించి కాంక్రీటును లోపలినుండి పగులదన్నును. సముద్రతీర గ్రామములలో ఉప్పుగాలివలన నిది త్వరపడును. దీనిపై సిమెంటు పూత పూసి వెల్ల వేయించుట పుండుపై పట్టుబట్ట కప్పినట్లు. వదులైన కాంక్రీటును తొలగించి, కడ్డీ తుప్పును గీకి, మరల పోయవలయును. కడ్డీ సగమునకు సగము తిన్నదైనచో ఇంజనీరును పిలువక తప్పదు.

గోడలు, పగుళ్లు

పగులును చూచినంతనే భయపడనక్కరలేదు, చూడనట్లుండుటయు తగదు. పూతమీది వెండ్రుకవంటి పగుళ్లు సాధారణముగా హానికరములు కావు. కిటికీ మూలలనుండి ఏటవాలుగా పోవునవి, ఇటుక వరుసల వెంబడి మెట్లుమెట్లుగా దిగునవి పునాది కదలికను తెలుపును. గుంటూరు, ప్రకాశము, కర్నూలు మొదలగు ప్రాంతములలోని నల్లరేగడి నేలలు వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకొనిపోవును. లోతు చాలని పునాది ఆ నేలతోపాటు లేచి దిగుచుండును.

పగులు ప్రాణముతో నున్నదో, చచ్చినదో తెలిసికొనుటకు మేస్త్రులెరిగిన యొక సులభోపాయము కలదు. పగులుకు అడ్డముగా సన్నని గాజుముక్కను రెండు కొనలయందు సిమెంటు ముద్దతో నతికి, ప్రక్కన తేదీ వ్రాయవలెను. గోడ కదలినచో గాజు విరుగును. నల్లరేగడిలో ఒక వానకాలమును ఒక వేసవియు గడచువరకు దానిని వదలిపెట్టవలెను. లేనిచో చెప్పు మాటకు విలువ లేదు.

మొదట చెప్పిన దూలము కథ జరిగిన మరుచటి యేడు ఒక వితంతువు తన యింటి నమ్మదలచి మా సలహా కోరెను. ఆమె యింటి దక్షిణపు గోడలో పైనుండి క్రిందివరకు పగులున్నది. చూచిపోయిన యిద్దరు బేరగాండ్రు ‘ఇల్లు పడిపోవును, స్థలము ధరకైన నిమ్ము’ అనిరి. ఈమారు మేము వెల్ల మాట యెత్తలేదు. మూడుచోట్ల గాజుముక్కలు అతికించి తేదీలు వ్రాయించితిమి. ‘అమ్మా, ఒక్క యేడాది ఓర్చుకొనగలవా?’ అని యడిగితిమి. ‘ఓర్చుకొందును బాబూ, ఇరువది యేండ్లనుండి ఆ పగులు అట్లే యున్నది, నా మాట నెవరు నమ్ముదురు?’ అని యామె పలికెను. వాన వచ్చెను, ఎండ వచ్చెను. గాజు విరుగలేదు. మూడవ బేరగాడు తన మేస్త్రితో వచ్చినప్పుడు ఆమె మాటకు బదులు ఆ గాజుముక్కలే సాక్ష్యము పలికెను. ఇల్లు ఇల్లు ధరకే పోయెను. పరీక్ష యనగా లోపములు వెదకుట మాత్రమేయని తలచువారు దీనిని గమనింపవలెను. ఇంటిపై అన్యాయముగా పడిన నిందను తుడుచునదియు పరీక్షయే.

గోడ అడుగున చెమ్మ పైకెక్కి, ఉప్పు పొంగి, పూత పొడిగా రాలుచున్నచో దాని మూలము నేలలోనున్నది. గోడవార నీరు నిలుచుచున్నదేమో, చూరునీరు పునాదిలోనికి దిగుచున్నదేమో మొదట చూడుడు. ఒక గాడి త్రవ్వి నీటిని మళ్లించుటతో తగ్గిన చెమ్మను మేము పెక్కుచోట్ల చూచితిమి.

కొయ్య

దూలములు, ద్వారబంధములు, కిటికీ చట్రములు, అన్నిటిని తట్టి చూడవలెను. గోడలో దూరియుండు దూలపు కొనలను మరి శ్రద్ధతో చూడవలెను. చెమ్మ తగులునది అచ్చటనే. గోడమీద పాకిన మట్టి గొట్టములు చెదపురుగుల దారులు. తొలకరి వానకు ఇంటిలోపలినుండియే ఉసిళ్లు లేచినచో పుట్ట యింటిలోనో పునాదిలోనో ఉన్నదని యెంచవలెను. కొయ్యక్రింద సన్నని పిండి రాలుచున్నచో అది చెద కాదు. కొయ్యను తొలుచు వేరొక పురుగు. రెంటికిని చికిత్స వేరు గనుక పేరు సరిగా వ్రాసికొనుడు.

నీరు, విద్యుత్తు

బావిగాని, గొట్టపుబావిగాని యున్న యింటికి నీటిపరీక్ష చేయించుట మంచిది. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు 1 మిల్లిగ్రాము మించరాదనియు, వేరు నీరు దొరకనిచోట 1.5 వరకు ఓర్వవచ్చుననియు భారతీయ ప్రమాణము. మన దేశమున ఫ్లోరైడు వ్యాధిని వైద్యులు 1937లో మొదట వెల్లడించినది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. నల్లగొండ ప్రాంతపు కష్టములు అందరెరిగినవే. నీటిలో దోషమున్నచో చెప్పి అమ్ముడు. ఆ యింట పెరుగబోవు బిడ్డల పండ్లు, ఎముకలు ఆ మాటపై నాధారపడియున్నవి.

విద్యుత్పనివానిచేత భూమితీగ సరిగా నున్నదో లేదో చూపించుడు. పాత తీగలపై పొర పెళుసెక్కినదేమో, స్నానపుగదిలోని మీటలకు చెమ్మ తగులుచున్నదేమో చూడవలెను. విద్యుత్తు నేలకు కారినంతనే ప్రవాహమును త్రుంచు 30 మిల్లియాంపియరుల మీట నొకదానిని పెట్టించుట ప్రాణరక్షకు ఎంతయు మేలు.

కాగితముల పరీక్ష

గోడలు గట్టివైనను కాగితములు వట్టివైనచో అమ్మకము నిలువదు. నూరు రూపాయలకు తక్కువ గాని స్థిరాస్తి విక్రయము రిజిస్టరు పత్రముచేతనే జరుగవలయును. కనుక మీ హక్కు పత్రములు వరుస తెగకుండ నున్నవో లేవో, వాటిలోని హద్దులును కొలతలును నేలమీది హద్దులతో సరిపోవునో లేదో గొలుసు పట్టి చూచుకొనుడు. రిజిస్ట్రారు కచేరినుండి ఈసీ తెప్పించుకొనుడు. సంఘములోగాని, బ్యాంకులోగాని ఇంటిని తనఖా పెట్టియున్నచో, బాకీ తీరిన పిదప తనఖా రద్దయినట్లు కాగితము పుచ్చుకొనవలెను. బాకీ తీరినను ఆ కాగితము తీసికొనక, పదియేండ్లకు అమ్మబోయి చిక్కుబడినవారిని మేమెరుగుదుము.

పిత్రార్జితమైనచో ఆడుబిడ్డల హక్కును మరువరాదు. ఆంధ్రప్రదేశమున 1986వ సంవత్సరపు సవరణ చట్టము కొందరు కుమార్తెలకును, 2005వ సంవత్సరపు కేంద్ర సవరణ చట్టము కుమార్తెలందరికిని ఉమ్మడి ఆస్తిలో కుమారులతో సమానమైన హక్కు నిచ్చినవి. తండ్రి బ్రతికియుండుట యీ హక్కునకు అవసరము కాదని 2020లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. బేరము కుదిరిన తరువాత అక్కచెల్లెండ్ర సంతకములకై పరుగులెత్తుటకంటె, బేరమునకు ముందే వారిని కూర్చుండబెట్టుకొని మాటలాడుట ధర్మము, క్షేమము కూడ.

గ్రామకంఠములోని యిండ్లకు పెక్కింటికి పాత పత్రములే లేవు. అట్టి వాసస్థలములను డ్రోనులతో కొలిచి యజమానులకు పత్రము లిచ్చుటకై కేంద్ర ప్రభుత్వము 2020 ఏప్రిలులో స్వామిత్వ పథకము నారంభించెను. మీ గ్రామమున కొలత జరిగినదేమో పంచాయతి కచేరిలో విచారింపుడు. ఉమ్మడి గోడ, నడకదారి, పొరుగువారి స్థలమున పడు చూరునీరు, వీటిని గూర్చిన తగవులును లోపములే. వాటినిగూడ వ్రాతలో నుంచుడు.

బాగుచేయుటయా? చెప్పి అమ్ముటయా?

పరీక్షలో తేలిన ప్రతి లోపమును బాగుచేయింపనక్కరలేదు. మేము మూడు తరగతులుగా విభజింపుమని చెప్పుదుము. ప్రాణహాని కలిగించునవి, అనగా చెడిన తీగలు, ఊడిపడు పెచ్చులు, నేడే బాగుచేయింపవలెను. అమ్మకము జరుగు లోపల ఆ యింట నుండునది మీ బిడ్డలే. నాటినాటికి పెరుగునవి, అనగా కారు కప్పు, ప్రాకు చెద, వీలైనంతలో నాపించవలెను. తక్కినవానికి ఖర్చెంత యగునో మేస్త్రిచేత వ్రాయించి, ఆ మొత్తమును ధరలో తగ్గించి, లోపమును చెప్పి అమ్మవలెను. చేయించిన మరమ్మతులకు రసీదులు దాచుడు. పూత పూయకముందే పొటోగ్రాపు తీయించుడు. కప్పిన తరువాత ఎవరి మాటయు చెల్లదు.

తేలినదంతయు ఒక కాగితముపై నెక్కించి, చూచినవారి సంతకములతో రెండు ప్రతులు చేయవలెను. ఒకటి మీయొద్ద నుంచుకొని, రెండవదానిని బయానాకు ముందే కొనువారి కిచ్చి, ముట్టినట్లు సంతకము పుచ్చుకొనుడు. అటుపిమ్మట ఎవరి వడ్రంగి వచ్చి ఏ దూలమును తట్టినను, ఆ ధ్వని మీకు క్రొత్త గాదు; ధర తగ్గింపుమనుటకు వారికి క్రొత్త సాకును దొరకదు.

రైతు ఇల్లమ్ముట సంతోషముతో అమ్ముట కాదు. అప్పో, వైద్యమో, బిడ్డల చదువో వెనుకనుండి తరుముచుండగా నమ్మును. అట్టి వేళ అతడు ఒంటరియై యుండును. అతని తొందరయే ఎదుటివానికి లాభము. ఒంటరిగా నున్నవానికి తోడు నిలుచుటకే సహకార సంఘములు పుట్టినవి. విత్తనమును, ఎరువును పరీక్షింపక పంచుట తప్పని యెంచు సంఘమునకు, సభ్యుని యింటి పరీక్షకై నలుగురు పనివారి జాబితా నుంచుకొనుటయు, వారికి న్యాయమైన కూలిని నిర్ణయించుటయు భారము కాజాలదు. మా సంఘము ఆ దూలము కథ తరువాత నట్టి జాబితా నొకదానిని కచేరి గోడకు తగిలించినది. ఇతర సంఘములవారును ఆలోచింతురుగాక. ఈలోగా అమ్మకము తలపెట్టిన సభ్యులు సున్నపు బానను ప్రక్కనబెట్టి, మొదట సుత్తి చేతబట్టి తమ దూలములను తామే తట్టి చూచుకొందురని ప్రార్థించుచున్నాము.